మన మహేంద్రగిరి పేరుతో యుద్ధనౌక: ఓడలు, విమానాలు, ట్యాంకుల కబుర్లు

మహేంద్రతనయ · పర్లాకిమిడి · శుక్రవారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. ఇక్కడ నాకిది మొదటి పోస్టు, తప్పులుంటే సర్దుకోండి.

మన ఒడిశా గజపతి జిల్లా మహేంద్రగిరి ఎత్తు 1501 మీటర్లు. శివరాత్రికి జనం ఎక్కే ఆ కొండ పేరే నేవీ ఓడకి పెట్టారు. 2023 సెప్టెంబరు 1న ముంబై మజగావ్ డాక్‌లో నీళ్లలోకి దించారట. ప్రాజెక్ట్ 17ఎ అనే వరసలో ఏడో ఓడ. పొడవు 149 మీటర్లు, బరువు సుమారు 6,670 టన్నులు, వేగం 28 నాట్లు, అంటే గంటకి సుమారు 52 కిలోమీటర్లు. 8 బ్రహ్మోస్ క్షిపణులు, విమానాల్నీ క్షిపణుల్నీ కూల్చే 32 బరాక్-8 క్షిపణులు, ముందు 76 మి.మీ. ఫిరంగి.

ఇంకో సంగతి. నీలగిరి, హిమగిరి, ఉదయగిరి, దూనగిరి, తారాగిరి, వింధ్యగిరి అని ఈ వరసలో మిగతా ఆరు ఓడలవి పాత పేర్లే. 1970ల నుంచి పనిచేసి రిటైరైన లియాండర్ రకం ఓడల పేర్లు తిరిగి పెట్టారు. మహేంద్రగిరికి మాత్రం అలాంటి ముత్తాత లేదు. కొత్త పేరంటే మన కొండదే!

సరే, అసలు ప్రశ్న. దేశాలవారీగా పదికి మార్కులు వేస్తున్నాను. విమానవాహక ఓడల్లో అమెరికా ఫోర్డ్ 10, మన విక్రాంత్ 6. విమానాల్లో అమెరికా ఎఫ్-22 కి 10, మన సుఖోయ్-30 కి 7. ట్యాంకుల్లో అమెరికా అబ్రామ్స్ 10, మన అర్జున్ 7, రష్యా రకం టి-90 కి 6. మీరేమంటారు?

బరంపురం_పట్టు · శుక్రవారం రాత్రి 9:31

తమ్ముడూ, మా కొట్లోకి వచ్చి పట్టుచీరకీ లుంగీకీ మార్కులు వేయమన్నట్టుంది. దేనికి కట్టుకుంటావో చెప్తే కదా?

కొండ సంగతి మాత్రం బాగుంది, నాకూ తెలీదు. రేపు కొట్లో చెప్తాను.

రాయగడ_లారీ · శుక్రవారం రాత్రి 10:02

ట్యాంకుల గురించి నేను మాట్లాడతా, బరువు మోసేవాణ్ణి కాబట్టి. నా పది చక్రాల బండికి లోడుతో కలిపి 28.5 టన్నులు రూలు. టి-90 ఒక్కటే 46.5 టన్నులు. అర్జున్ మార్క్-1ఎ 68 టన్నులు, అంటే నా నిండు బండ్లు రెండింటికన్నా ఎక్కువ. అబ్రామ్స్ కొత్త రకం కూడా ఇంచుమించు అంతే. మా ఘాట్ రోడ్డులో, వాగుల మీది పాత కల్వర్టుల మీద 68 టన్నులు పోనిస్తే తర్వాత ఆ ఊరికి బస్సు రాదు.

అందుకే నా లెక్కలో టి-90 కే ఎక్కువ మార్కులు.

మహేంద్రతనయ · శుక్రవారం రాత్రి 10:09

కానీ అన్నా, అబ్రామ్స్ ఇంజిన్ 1,500 హార్స్‌పవర్, గ్యాస్ టర్బైన్! టి-90 ది 1,000 మాత్రమే.

రాయగడ_లారీ · శుక్రవారం రాత్రి 10:15

ఆ టర్బైను తాగే నూనె ఎవడు మోస్తాడు? ట్యాంకు వెనక ఎన్ని ట్యాంకర్లు రావాలో అది కూడా లెక్కేయి. బండి మైలేజీ చూడకుండా కొన్నవాడి కథ నన్నడుగు, నేనే ఒకసారి మునిగాను.

సునాబెడ_రిటైర్డ్ · శనివారం ఉదయం 6:20

మహేంద్రతనయ బాబూ, శుభోదయం. పొద్దున్నే నడకకి పోయి వచ్చి చదివాను. నేను కోరాపుట్ కొండల మీద ఇంజిన్ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ల పైన చేశాను. చెప్పదగినవే, అంటే పేపర్లో వచ్చినవే చెప్తాను.

లారీ గారి మాటకి చిన్న సవరణ. ట్యాంకు బరువు గొలుసు పట్టాల మీద పరుచుకుంటుంది కాబట్టి మెత్తటి నేల మీద మీ లారీ దిగబడే చోట కూడా అది పోతుంది. కానీ వంతెనకి ఆ తేడా లేదు, మొత్తం బరువు మోయాల్సిందే. ఆ మాట మీరు సరిగ్గానే చెప్పారు. పంజాబ్ సరిహద్దు నిండా కాలువలు, వాటి మీద వంతెనలు. 50 టన్నుల లోపు ట్యాంకు ఉంటే ఎన్నో దారులు తెరిచే ఉంటాయి. అర్జున్ తయారీదారులకి ఎదురైన పెద్ద అభ్యంతరాల్లో ఇదొకటి. అదే అర్జున్‌లో నలుగురు సిబ్బంది, టి-90 లో ముగ్గురే. గుండు ఎక్కించే పని యంత్రం చేస్తుంది, అందుకే అది చిన్నదిగా, పొట్టిగా ఉంటుంది. చిన్నది కావడమే దాని బలం. లోపల ఇరుకు, పేలుడు మందు మనుషుల పక్కనే ఉండటం దాని బలహీనత.

1965 సెప్టెంబరులో అసల్ ఉత్తర్ దగ్గర జరిగింది గుర్తు చేసుకోండి. పాకిస్తాన్ వైపు ప్యాటన్ ట్యాంకులు. కాగితం మీద అప్పటికి మన సెంచూరియన్, షెర్మన్ ట్యాంకుల కన్నా గొప్పవి. మనవాళ్లు పొలాల్లోకి నీళ్లు వదిలారు. చెరకు తోటల్లో, బురదలో ప్యాటన్లు కదల్లేక దొరికిపోయాయి. వీర అబ్దుల్ హమీద్ జీపు మీద బిగించిన 106 మి.మీ. రీకాయిల్‌లెస్ (వెనక్కి తన్నని) గన్నుతో వాటిని కొట్టాడు. జీపుకి పదికి ఎన్ని మార్కులు వేస్తావు బాబూ?

బరంపురం_పట్టు · శనివారం ఉదయం 8:45

ఈ చివరి వాక్యం నేను దాచుకుంటున్నా మాస్టారూ.

బల్లార్షా_పోరడు · శనివారం ఉదయం 9:30

అన్నలకు నమస్తే. మాది మహారాష్ట్ర వైపు చంద్రపూర్ జిల్లా, ఇంట్లో తెలుగే. మా దగ్గర భద్రావతిలో చాందా ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఉన్నది. మందుగుండు పని. మీరంతా ట్యాంకు, ఓడ అంటున్నరు గానీ లోపల గుండు లేకపోతే అది ఇనుప పెట్టెనే కదా. ఒక్క పినాక లాంచర్ 44 సెకన్లలో 12 రాకెట్లు వదుల్తది. ఆ పన్నెండు తయారు కావడానికి ఎన్ని రోజులు పడ్తది, ఎంతమంది చేతులు పడ్తయో ఏ జాబితాలో రాయరు.

ఇంకోటి, సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో తయారైన బీఎంపీ-2, సైనికుల్ని మోసే యుద్ధ బండి, సారథ్ అంటరు దాన్ని, 14 టన్నులే. నీళ్లల్ల ఈదుతది కూడా. ప్రాణహిత దాటిపోతదని మా మామ అంటడు.

రాయగడ_లారీ · శనివారం ఉదయం 9:41

మా నాగావళి, వంశధార కూడా దాటుతుంది తమ్ముడూ, వరద లేనప్పుడు. నీళ్లలో గంటకి 7 కిలోమీటర్లే. వరదలో అయితే అది దాటదు, కొట్టుకుపోతుంది.

మహేంద్రతనయ · శనివారం ఉదయం 11:05

సరే, ట్యాంకుల మార్కులు పక్కన పెట్టాను. విమానాలు మాత్రం ఒప్పుకోను. మాస్టారూ, మన పాత యుద్ధ విమానం మిగ్-21 ని జనం ఎగిరే శవపేటిక అనేవారు కదా? దానికి సున్నా వేయొచ్చా?

సునాబెడ_రిటైర్డ్ · శనివారం మధ్యాహ్నం 2:10

ఆ మాట అంటే నాకు కోపం వస్తుంది, అయినా తిట్టను. భోజనం చేసి కూర్చున్నాను, కాస్త పెద్దదే రాస్తాను.

1963లో మొదటి మిగ్-21లు వచ్చాయి. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు ఇచ్చారు. 62 ఏళ్లు. ఇన్నేళ్లలో సుమారు 870 విమానాలు మన వైమానిక దళం నడిపింది. విమానం నాసిక్‌లో, ఎలక్ట్రానిక్స్ హైదరాబాదులో, ఇంజిన్ ఇక్కడ అని మూడు చోట్ల పని పంచారు. 1964లో మొదలైన ఫ్యాక్టరీ ఇది. అప్పుడిక్కడ అడవి, చలి, వాన తప్ప ఏమీ లేవు. విజయనగరం, శ్రీకాకుళం నుంచి కుర్రాళ్లు ట్రంకు పెట్టెలతో వచ్చారు. మా క్వార్టర్లలో ఒక ఇంట్లో ఒడియా, పక్కింట్లో తెలుగు, అటుపక్క బెంగాలీ. రథయాత్ర అందరిదీ, సంక్రాంతి కూడా అందరిదీ.

ప్రమాదాలు జరిగాయి, కాదనను. కానీ ఎందుకు? అది ఎత్తుకి వేగంగా ఎగబాకి శత్రు బాంబరుని కొట్టి దిగడానికి పుట్టిన విమానం. చిన్న త్రిభుజం రెక్కలు, దిగేటప్పుడు విపరీతమైన వేగం, ఒకటే ఇంజిన్. దాన్ని మనం అన్ని పనులకీ వాడాం. నెమ్మది శిక్షణ విమానం దిగిన కుర్రాడు ఒక్కసారిగా దీంట్లో ఎక్కాల్సి వచ్చేది. మధ్యలో మెట్టులా ఉండాల్సిన హాక్ శిక్షణ విమానాలు 2008లో గానీ దళంలో చేరలేదు. సున్నా ఎవరికి వేయాలో నువ్వే ఆలోచించు.

ఇక సుఖోయ్. నువ్వు 7 వేశావు, దేన్ని చూసి? వేగమా, ఆయుధాలా? నేను ఇంజిన్ వాణ్ణి, నాకు గంటలే కనిపిస్తాయి. మిగ్-21 బిస్ రకంలో ఉన్న ఆర్-25 ఇంజిన్, వెనక అదనంగా ఇంధనం మండించే ఆఫ్టర్‌బర్నర్ వేస్తే సుమారు 7,100 కిలోల తోపు ఇస్తుంది. సుఖోయ్-30 లోని ఏఎల్-31ఎఫ్‌పి ఒక్కొక్కటి 12,500 కిలోలు, అలాంటివి రెండు. వెనక వేడిగాలి వదిలే గొట్టం (నాజిల్) కూడా తిరుగుతుంది, అందుకే ఎయిర్ షోల్లో ఆ విమానం గాల్లో పిల్లిమొగ్గ వేసినట్టు తిరుగుతుంది. కానీ ఆ ఇంజిన్‌ని 1,000 గంటలకొకసారి పూర్తిగా విప్పి ఓవర్‌హాల్ చేయాలి. మొత్తం ఆయుష్షు 2,000 గంటలు. విమానం ఆయుష్షు 6,000 గంటలు. లెక్క కట్టు. ఒక్క విమానం తన జీవితకాలంలో మూడు జతలు, అంటే ఆరు ఇంజిన్లు అరగదీస్తుంది. అందుకే 2024 సెప్టెంబరులో 240 కొత్త ఇంజిన్లకి 26,000 కోట్ల పైచిలుకు ఒప్పందం జరిగింది. ఏటా 30 చొప్పున ఇవ్వాలి. పేపర్లో అది చూసి, కొత్త విమానాలే లేకుండా అన్ని ఇంజిన్లు ఎందుకు అన్నాడు మా అల్లుడు. చెప్పులు అరిగితే కాళ్లు కొత్తవి కొంటామా అన్నాను.

టర్బైన్ బ్లేడు, అంటే ఇంజిన్ లోపల వేడిగాలికి తిరిగే రెక్క, దాని గురించి ఒక్క మాట. దాని మీదికొచ్చే వేడిగాలి ఆ లోహం కరిగే వేడి కన్నా ఎక్కువ. అయినా కరగదు. బ్లేడు లోపల బోలుగా సన్నటి దారులుంటాయి, వాటిలో చల్లగాలి పోతుంది. బ్లేడు మొత్తం ఒకే స్ఫటికంగా పోత పోస్తారు. మామూలు లోహంలో రేణువుల మధ్య అతుకులుంటాయి, వేడికి అక్కడే జారుతుంది. ఒకే స్ఫటికమైతే అతుకే ఉండదు. తేజస్ చేసిన మనం దాని ఇంజిన్ ఇంకా అమెరికా నుంచి తెచ్చుకుంటున్నామంటే కష్టమంతా ఇలాంటి చోటే ఉంది. అరచేతిలో పట్టే ముక్క అది.

మా పనిలో భయం శత్రువు గురించి కాదు, బోల్టులు వదులు కాకుండా కట్టే లాకింగ్ వైరు ముక్క ఇంజిన్‌లో మిగిలిపోవడం గురించి. షిఫ్టు అయ్యేసరికి ప్రతి పనిముట్టూ దాని గూట్లో ఉండాలి. ఒక్క స్క్రూడ్రైవర్ లెక్క తేలకపోతే ఎవరూ ఇంటికి పోరు. మా ఆవిడ ఇప్పటికీ వంటింట్లో చెంచాలు లెక్కపెడుతున్నానని నవ్వుతుంది.

మహేంద్రతనయ · శనివారం మధ్యాహ్నం 2:40

మాస్టారూ... ఇది రెండుసార్లు చదివాను. ఎఫ్-22 ని కూడా ఈ లెక్కలో చూడాలా?

సునాబెడ_రిటైర్డ్ · శనివారం మధ్యాహ్నం 2:58

చూడు. దళం కోసం 187 తయారయ్యాక 2011లో తయారీ ఆపేశారు. ఏ దేశానికీ అమ్మలేదు. గొప్ప విమానమే, సందేహం లేదు. కానీ అచ్చు పోసే దుకాణమే మూసేసిన వస్తువు అది, ఒకటి పోతే ఒకటి తగ్గినట్టే.

గోపాలపురం_వలకాడు · శనివారం సాయంత్రం 5:25

ఓడల దగ్గరికి రండి బాబూ, అందరూ గట్టు మీదే ఉన్నారు. మాది గోపాలపురం, వేట కుటుంబం. మా పక్కనే ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ. ఫైరింగ్ ఉన్న రోజు ఆ వైపు సముద్రంలోకి పడవ పోదు. మా ఇంట్లో చిన్నపిల్లలు కూడా శబ్దం విని చెప్పేస్తారు. రెండూ విమానాల్ని కొట్టే ఫిరంగులే. ఎల్-70 అయితే డబ్, డబ్, డబ్ అని ఆగి ఆగి వస్తుంది, 40 మి.మీ. గుండు. షిల్కా అయితే నాలుగు గొట్టాలు ఒకేసారి, 23 మి.మీ. గుడ్డ చింపినట్టు బర్రుమంటుంది. మా అమ్మ దాన్ని కుట్టుమిషను అంటుంది.

ఎల్-70 ది పాత స్వీడన్ డిజైను. ఇంకా ఎందుకు ఉంచారని అనుకునేవాణ్ణి. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ అప్పుడు డ్రోన్లని కొట్టిన వాటిలో అదీ ఒకటి. కొత్త రాడారు, కొత్త కళ్లు పెట్టారంతే. లక్షల రూపాయల డ్రోన్‌కి కోట్ల క్షిపణి ఎందుకు, గుండు చాలు కదా.

అదే మే 13న మా రేంజిలో భార్గవాస్త్ర అని చిన్న రాకెట్లు పరీక్షించారు. డ్రోన్ల గుంపు మీదికి వదలడానికి. రెండున్నర కిలోమీటర్ల లోపు కొడతాయట.

వేదిక_నిర్వాహకుడు · శనివారం సాయంత్రం 5:50

మనవి. పేపర్లో వచ్చినవి ఎంతైనా మాట్లాడుకోండి. ఫైరింగ్ ఏ రోజు, ఏ ఓడ ఎక్కడుంది, గేటు దగ్గర ఫొటోలు... ఇవి వద్దు. ఇప్పటివరకు ఎవరూ రాయలేదు, ముందే చెప్తున్నా.

బరంపురం_పట్టు · శనివారం రాత్రి 8:15

ఓడల మీద నా అనుమానం ఒకటి. ఇప్పుడు క్షిపణుల కాలం కదా. 2022 ఏప్రిల్‌లో నల్ల సముద్రంలో రష్యా మాస్క్వా ఓడని ఉక్రెయిన్ రెండు నెప్ట్యూన్ క్షిపణులతో ముంచేసింది. 12,000 టన్నుల ఓడ. మరి 20,000 కోట్లు పెట్టి విక్రాంత్ ఎందుకు? సముద్రంలో పెద్ద గురి కాదా అది?

మహేంద్రతనయ · శనివారం రాత్రి 8:32

అన్నా, విక్రాంత్ 262 మీటర్లు, 45,000 టన్నులు, నాలుగు గ్యాస్ టర్బైన్లు. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో నేవీలో చేరింది. ఫోర్డ్ లక్ష టన్నులు, అణు ఇంజిను. విమానాన్ని విద్యుదయస్కాంతంతో విసురుతుంది. మనది ముందు వైపు ఎత్తుగా వంచిన ర్యాంపు మీంచి ఎగరేస్తుంది. అందుకే బరువు తక్కువ పెట్టుకుని ఎగరాలి. ఫ్రాన్స్ షార్ల్ ద గోల్ మన సైజే, కానీ అణు ఓడ. చైనా ఫూజియాన్ 80,000 టన్నులు.

గురి అవునో కాదో మాత్రం నాకు తెలీదు.

గోపాలపురం_వలకాడు · శనివారం రాత్రి 9:05

పట్టు గారూ, సముద్రంలో కదిలే వస్తువుని వెతకడం ఎంత కష్టమో మా నాన్నని అడగండి. నిన్న వేసిన వల ఇవాళ దొరకదు ఒక్కోసారి. ఓడ గంటకి యాభై కిలోమీటర్లు పోతుంది. ఒక రాత్రిలో ఎక్కడుంటుందో!

1971లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ వచ్చింది అలా వెతకడానికే. పాత విక్రాంత్‌ని వెతుక్కుంటూ విశాఖ దాకా వచ్చింది. విక్రాంత్ అప్పటికి అండమాన్ వైపు ఉంది. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ బయటే ఘాజీ మునిగింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల (నీటి లోపల పేలే బాంబుల) వల్ల అని మన లెక్క, లోపలే పేలిందని వాళ్ల లెక్క. తేలిన సామాన్లు మొదట దొరికింది మాలాంటి వేటగాళ్లకే. అది ఒకప్పటి అమెరికా జలాంతర్గామి, డయాబ్లో దాని పేరు. ఆ తర్వాత విక్రాంత్ విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీద బాంబులేశాయి. అది దొరికిపోయి ఉంటే అదీ జరిగేది కాదు.

సునాబెడ_రిటైర్డ్ · శనివారం రాత్రి 9:40

వలకాడు గారు మంచి మాట అన్నారు. మాస్క్వా ఒంటరిగా, తీరం మీంచి క్షిపణి అందే దూరంలో దొరికింది. విమానవాహక నౌక ఒంటరిగా తిరగదు. చుట్టూ మహేంద్రగిరి లాంటి ఫ్రిగేట్లు అనే కాపలా ఓడలు, కింద జలాంతర్గాములు, పైన హెలికాప్టర్లు. బాబూ, నీ మహేంద్రగిరి పని అదే. ఆ 32 బరాక్‌లు దానికొక్కదానికే కాదు, పక్కవాళ్లకి కూడా గొడుగు.

ఇంకో కథ, మా అమ్మ చెప్పినది. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. ఊరు సగం ఖాళీ అయ్యింది. మా తాతయ్య కుటుంబాన్ని బండి కట్టి పర్లాకిమిడి బంధువుల ఇంటికి పంపేశాడు. అమ్మకి అప్పుడు ఎనిమిదేళ్లు. ఆ విమానాలు వచ్చింది ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి. ఎక్కడి జపాన్, ఎక్కడి విశాఖ! ఆ ఓడ దగ్గర లేకపోతే ఆ విమానాలు రాగలవా? అదే ఏడాది ఆగస్టు 24న ఆ ర్యూజోని అమెరికా వాహకనౌక విమానాలు ముంచేశాయి. కాబట్టి పట్టు గారి అనుమానం కూడా అబద్ధం కాదు. రెండూ నిజమే.

బరంపురం_పట్టు · శనివారం రాత్రి 9:58

మా నాయనమ్మ కూడా "జపాను బాంబుల ఏడాది" అనేది. పుట్టిన తేదీలన్నీ దాంతోనే లెక్క. ఇన్నాళ్లూ ఏ ఏడాదో తెలీలేదు, ఇప్పుడు మా బాబాయి వయసు తేలింది. ధన్యవాదాలు మాస్టారూ, ఆయన మూడేళ్లు తగ్గించి చెప్తున్నాడు.

బల్లార్షా_పోరడు · ఆదివారం ఉదయం 7:50

మాకు సముద్రం లేదన్నా, ఓడ చూడాల్నంటే ఎటు పోవాలె?

సునాబెడ_రిటైర్డ్ · ఆదివారం ఉదయం 8:30

విశాఖ రా నాయనా. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి ఉంది, 91 మీటర్లు. 1969 నుంచి 2001 దాకా పనిచేసింది, 2002 నుంచి మ్యూజియం. ముందు 6, వెనక 4 టార్పెడో గొట్టాలు. ఆ గుండ్రటి ద్వారాల్లోంచి దూరుతుంటే 75 మంది లోపల నెలల తరబడి ఎలా ఉన్నారో అర్థమవుతుంది. రోడ్డుకి అటువైపు టీయూ-142 విమానం. నాలుగు ఇంజిన్లు, ఒక్కో ఇంజిన్‌కి ఎదురెదురుగా తిరిగే రెండు పంకాలు. 29 ఏళ్లు సముద్రం కాపలా కాసింది. సోమవారం వెళ్లకండి, కురుసురకి సెలవు.

మహేంద్రతనయ · ఆదివారం ఉదయం 9:15

మార్కుల పట్టిక వెనక్కి తీసుకుంటున్నాను. మహేంద్రగిరికి మాత్రం పదికి పది, ఎవరేమన్నా తగ్గించను.

వచ్చే శనివారం కురుసుర చూడ్డానికి వెళ్దామనుకుంటున్నా. ఎవరైనా వస్తారా?

రాయగడ_లారీ · ఆదివారం ఉదయం 9:40

శనివారం తెల్లవారుజామున నా బండి విశాఖ లోడుకి పోతుంది. నువ్వు పార్వతీపురం దాకా వచ్చేయ్, ఎక్కించుకుంటా. కేబిన్‌లో ఇద్దరికి చోటుంది. దార్లో వంతెనల మీద బరువు బోర్డులు చూపిస్తా, ట్యాంకు ఎక్కడ ఆగుతుందో నువ్వే లెక్కేద్దువు.

సునాబెడ_రిటైర్డ్ · ఆదివారం ఉదయం 9:52

ఆ రెండో చోటు నాకు ఉంచండి లారీ గారూ. శుక్రవారం రాత్రికే రాయగడ వచ్చేస్తాను. బాబూ, కురుసురలో టార్పెడో గది దగ్గర తల వంచు, నేను రెండుసార్లు కొట్టుకున్నాను.

బరంపురం_పట్టు · ఆదివారం ఉదయం 10:20

మాస్టారూ, దిగి వచ్చేటప్పుడు పనిముట్లు లెక్కపెట్టుకోండి.